వెనక సీట్లో పెట్టెలాయన

విమానాశ్రయంలో ఆయనకి ఒక పేరుంది. ఇంట్లో వాళ్ళు పెట్టింది కాదు, అక్కడి వాళ్ళే పెట్టారు. పెట్టెలాయన. టాక్సీల వాళ్ళు, సామాను తోసేవాళ్ళు, గేటు దగ్గర ఈల నోట్లో పెట్టుకుని నిలబడే పోలీసు, అందరూ అలాగే పిలుస్తారు. ఎదురుపడితే "పెట్టెలన్నా" అంటారు. చాటున కూడా అదే అంటారు కాబట్టి ఆయనకి బాధ లేదు.

పేరు ఊరికే రాలేదు. అక్కడికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో పెద్ద సరస్సు ఉంది. ఆ సరస్సు అవతలి గట్టున వారం పాటు సైకిళ్ళ మీద తిరగడానికి ఎక్కడెక్కడి వాళ్ళో సెలవు పెట్టుకుని వస్తారు. కొందరు అక్కడే సైకిలు అద్దెకి తీసుకుంటారు. సొంత సైకిలు మీద తప్ప కూర్చోలేని వాళ్ళు మాత్రం దాన్ని ఊడదీసి, అట్టపెట్టెలో సర్ది, విమానంలో వేసుకుని వస్తారు. ఆ పెట్టెల్నీ, వాటి యజమానుల్నీ పడవ రేవు దాకా చేర్చడం ఈయన పని. పదకొండేళ్ళుగా అదే పని. అంతకుముందు పద్నాలుగేళ్ళు రొట్టెల వ్యాను నడిపాడు. రెంటికీ తేడా ఏమిటని అడిగితే, "రొట్టెలు నోరెత్తేవి కావు" అంటాడు.

పనిలో ఆయనకి కొన్ని పట్టింపులున్నాయి. పెట్టెని పడుకోబెట్టడు, నిలబెట్టే తీసుకెళతాడు. రెండు పెట్టెల మధ్య పాత బొంత ఒకటి పెడతాడు. ఎత్తేటప్పుడు మోకాళ్ళు వంచుతాడు, నడుము వంచడు. విమానం దిగిన మనిషి ముందు తన భార్య బయటికి వచ్చిందా అని కాక పెట్టె వచ్చిందా అని చూడటం ఆయన చాలాసార్లు గమనించాడు. ఆ భార్య కూడా అదే చూస్తోందని గమనించాక దంపతుల గురించి వ్యాఖ్యానించడం మానుకున్నాడు.

ఎక్కిన ప్రతివాళ్ళూ దారి ఎలా ఉంటుందని అడుగుతారు. మొదటి ఏడు నుంచీ ఆయనది ఒకటే జవాబు. "అంతా చదునేనండీ. చేతిలో నీళ్ళగ్లాసు పెట్టుకుని వెళ్ళచ్చు, చుక్క తొణకదు." ఆయన మాత్రం సైకిలెక్కి ఇరవై ఆరేళ్ళయింది. మోటారనేది ఒకటి కనిపెట్టాక కూడా కాళ్ళతో తొక్కడానికి విమానమెక్కి మరీ రావడం ఏమిటో ఆయనకి ఏనాడూ బోధపడలేదు. పైకి అనడు.

ఇంట్లో ఫోన్లు తీసుకునేది ఆయన భార్య. కుట్టుమిషను ముందు కూర్చుని, ఫోనుని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక చేత్తో గుడ్డ జరుపుతూ రెండో చేత్తో నోటుపుస్తకంలో రాస్తుంది. ఆ ఇంట్లో సైకిలుని సైకిలు అనరు. "రేపెన్ని పెట్టెలు?" అని ఆయన అడుగుతాడు. "ముగ్గురు మనుషులు, నాలుగు పెట్టెలు" అని ఆవిడ చెబుతుంది. పెట్టెలుంటే పెద్ద వ్యాను, లేకపోతే చిన్న కారు. ఆ రోజు మిగిలిపోయిన బండిని ఆవిడ తమ్ముడు నడుపుతాడు. పదకొండేళ్ళలో ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ వారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది.

"మా అత్తయ్యగారు మంగళవారం పొద్దున విమానం దిగుతారండీ. ఒక్కరే. నేను రైల్లో నేరుగా రేవుకి వచ్చేస్తాను. ఆవిడని అక్కడిదాకా చేర్చాలి."

"పెట్టెలు ఎన్నమ్మా?"

"పెట్టెల్లేవండీ. రెండు చేతిసంచులు, ఒక పొడుగు సంచి. అంతే."

"సరే, రాసుకున్నా."

"మాకు బండి ఒకటేనండీ."

"ఒక్క మనిషికి ఒక బండి చాలమ్మా. రెండెందుకు?"

"అదేనండీ. ఒకటే."

ఇద్దరూ విషయం పూర్తిగా తేలిపోయిందన్న తృప్తితో ఫోన్లు పెట్టేశారు. నోటుపుస్తకంలో ఇలా ఉంది: పెద్దావిడ ఒకరు. సంచులు. పెట్టెలు లేవు. చిన్న బండి.

మంగళవారం పొద్దున పది గంటలకి పెట్టెలాయన 'రేవు' అని రాసిన అట్టముక్క పట్టుకుని తలుపుల దగ్గర నిలబడ్డాడు. పడవ ఒంటిగంటకి. వారానికి రెండే పడవలు, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. ఇవాళ్టి పడవలో దాటినవాళ్ళు ఇవాళ సాయంత్రమే అవతలి గట్టున సైకిళ్ళెక్కి వెళ్ళిపోతారు. తప్పినవాళ్ళు శుక్రవారం దాకా రేవులో కొంగల్ని చూస్తూ కూర్చోవాలి. కారులో అయితే ముప్పావుగంట ప్రయాణం. తొందరేమీ లేదు.

తలుపులు తెరుచుకుని ముందు ఒక సామాను బండి వచ్చింది. దాని మీద నల్లటి గుడ్డసంచి. సంచి వస్తూనే ఉంది. ఆ సంచి చివర రెండో సామాను బండి మీద ఉంది. దాన్ని తోస్తూ పసుపు రంగు వానకోటు వేసుకున్న ఒక పెద్దావిడ. పొట్టి జుట్టు, చేతికి మగవాళ్ళ గడియారం, అరవై దాటిన వయసు. ఆవిడ అట్టముక్క చదివి నేరుగా వచ్చి ఆయన ముందు ఆగింది.

"మా కోడలు చెప్పింది మీరేనా?"

"నేనేనమ్మా. ఇదేమిటి?"

"బండి."

"ఏం బండి?"

"మా బండి. నాదీ, మా కోడలిదీ. ఇద్దరం తొక్కేది. ముందు నేను, వెనక అది." ఆవిడ అటూ ఇటూ చూసింది. "మీ బండి ఏదీ?"

పెట్టెలాయన చెయ్యి చాపి చూపించాడు. నీడలో ఎండుటాకంత చిన్న కారు నిలబడి ఉంది. ఇద్దరూ కాసేపు దాన్ని చూశారు. తర్వాత సంచిని చూశారు. మళ్ళీ కారుని చూశారు.

"మడిస్తే పడుతుందేమో," అన్నాడాయన.

"దాన్నా, కారునా?" అంది ఆవిడ.

వెనక తలుపు తెరిచి, సీట్లు వంచి, సంచిని ముందు అద్దం దాకా తోశారు. అయినా మనిషి సగం పొడుగు బయటే ఉండిపోయింది. గేటు పోలీసు అక్కడి నుంచే ఈల వేశాడు. "పెట్టెలన్నా, ఆ తోకతో రోడ్డెక్కితే నా టోపీ పోతుంది. వద్దు!" కారు పైన కడదామంటే పైన ఆధారం లేదు. వట్టి రేకు మీద తాడేసి కడితే మొదటి మలుపుకే జారుతుందని ఆయనకే తెలుసు. టాక్సీల వరసలో పెద్ద వ్యాన్లు రెండు ఉంటాయి. ఒకదాన్ని అప్పుడే ఏదో ఆటగాళ్ళ జట్టు ఎక్కేసింది. రెండోదాని డ్రైవరు సంచిని తల నుంచి కాళ్ళ దాకా చూసి, "సీట్లు విప్పాలన్నా. విప్పడం వచ్చు. బిగించడం రాదు" అని నిజాయితీగా చెప్పేశాడు.

పెట్టెలాయన ఇంటికి ఫోన్ చేశాడు.

"పెట్టెల్లేవన్నావు?"

"లేవనే చెప్పింది ఆ పిల్ల."

"సైకిలుందే ఇక్కడ!"

"పెట్టెలో ఉందా?"

"సంచిలో ఉంది."

"మరి పెట్టెల్లేవుగా!"

పెట్టెలాయన ఫోనుని రెండో చెవికి మార్చాడు. అటువైపు కుట్టుమిషను ఇంకా చప్పుడు చేస్తోంది.

"బండి ఒకటే అని కూడా చెప్పిందట, ఈవిడ అంటున్నారు."

"చెప్పింది. ఒక్క మనిషికి ఒక బండి చాలని నేనూ..." మిషను ఆగిపోయింది. "అయ్యో. ఆ బండా?"

బావమరిదికి చేశాడు. అతను పెద్ద వ్యానులో పాత గుంపుని దింపడానికి తెల్లవారకముందే కొండల వైపు వెళ్ళాడు. "బావా, నేను దారిలో కళ్ళు మూసుకుని తోలినా ఒంటిగంటకి నువ్వున్న చోటికి వస్తాను. రేవుకి కాదు," అన్నాడు.

ఇదంతా అయ్యేసరికి పదిన్నర దాటింది. పెద్దావిడ సంచి మీద చెయ్యి వేసి నిలబడి అన్నీ వింటోంది. అరవలేదు. అరిస్తే బాగుండునని పెట్టెలాయనకి అనిపించింది. అరిచే వాళ్ళని ఎలా సముదాయించాలో ఆయనకి తెలుసు.

"ముప్ఫై ఐదేళ్ళు ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేశాను," అంది ఆవిడ, ఎవరి గురించో చెబుతున్నట్టు. "వరసగా వారం రోజులు సెలవు ఎప్పుడూ తీసుకోలేదు. రిటైరయ్యాక తీసుకుందామంటే ఇంట్లో ఎవరికో ఒకరికి జ్వరం. ఈ వారానికి అందరినీ ముందే హెచ్చరించి వచ్చాను, ఎవరూ జబ్బు పడద్దని. రేవు ఎంత దూరం?"

"ముప్ఫై కిలోమీటర్లమ్మా."

"దారి ఎలా ఉంటుంది?"

పదకొండేళ్ళ అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "అంతా చదునేనండీ. చేతిలో నీళ్ళగ్లాసు పెట్టుకుని వెళ్ళచ్చు."

"అయితే తొక్కుదాం."

"తొక్కుదాం అంటే?"

"ముందు నేను. వెనక మీరు."

పెట్టెలాయన వెనక్కి ఒక అడుగు వేశాడు. మీరొక్కరూ తొక్కండి, సామాను కారులో వేసుకుని నేను వెనకాలే వస్తానన్నాడు. ఆవిడ గడియారం చూసుకుంది. "ఇది రెండు జతల కాళ్ళకి చేసిన బండి. వెనక సీటు ఖాళీగా పెట్టుకుని ఎదురుగాలిలో నేను గంటకి పది కూడా లాగలేను. చేరేసరికి రెండవుతుంది. పడవ ఒంటిగంటకి." తర్వాత ఆయన వైపు తిరిగి, "గుండె జబ్బేమైనా ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"షుగరు? బీపీ? మోకాళ్ళ నొప్పి?"

"ఏమీ లేవు," అన్నాడాయన. అన్న తర్వాత, ఒక్కటైనా ఉందని చెప్పి ఉండాల్సిందని తోచింది. కానీ తన చేతిలో పడిన మనిషికి పడవ తప్పడం ఇంతవరకూ జరగలేదు. ఇవాళ తప్పితే ఆ తప్పు ఎవరి ఇంటిదో ఆయనకి బాగా తెలుసు. కారు తీసుకెళ్ళి ఎండ తగలని మూల పెట్టి, తాళం వేసి వచ్చాడు.

సంచి విప్పి బిగించడం మాత్రం ఆయన ఊహించినదానికన్నా తొందరగా అయింది. సైకిలెక్కకపోయినా ఆయన పదకొండేళ్ళు వాటిని బిగించే వాళ్ళ పక్కన నిలబడి రెంచీ అందించాడు. ఎడమ పెడలు ఎదురు తిప్పితే బిగుస్తుందని తెలుసు. చక్రం పెట్టేటప్పుడు గొలుసుని ఏ వేలితో పక్కకి లాగాలో తెలుసు. పెడళ్ళు మాత్రం నాలుగు ఉండటం ఆయనకి కొత్త. ఇరవై నిమిషాల్లో బండి నిలబడింది. పొడుగ్గా, సన్నగా, ఎరుపు రంగులో, రెండు సీట్లతో. గుడ్డసంచిని మడిచి వెనక కట్టారు, చేతిసంచులు రెండూ చెరో పక్క తగిలించారు.

"కాళ్ళకి ఇవేనా?" అంది నర్సమ్మ, ఆయన చెప్పులు చూసి. చేతిసంచిలోని మందుల డబ్బాలోంచి సాగే కట్టు చుట్ట ఒకటి తీసి, ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టి, చెప్పుల్ని పాదాలకి కలిపి చుట్టేసింది. గొలుసు వైపున్న పంట్లాం కాలికి కూడా ఒక చుట్టు వేసింది. లేచి నిలబడిన పెట్టెలాయన యుద్ధం నుంచి వెనక్కి వచ్చినట్టున్నాడు, ఇంకా వెళ్ళకుండానే.

మొదటిసారి బయల్దేరినప్పుడు రెండు గజాలు పోయి పూలకుండీని ఆనుకున్నారు. ఆవిడ ఎడమ కాలు తొక్కితే ఆయన కుడి కాలు తొక్కాలని చూశాడు. రెండోసారి "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకుని కదిలారు. టాక్సీల వరసంతా లేచి నిలబడింది.

"పెట్టెలన్నా, ఇవాళ నువ్వే సామానా?"

"నిలబెట్టే తీసుకెళ్ళమ్మా ఆయన్ని, పడుకోబెట్టకు!"

గేటు పోలీసు ఈల వేయడం మరిచిపోయి సలాం చేశాడు.

పాతికేళ్ళుగా ఆయన కూర్చున్న ప్రతి బండికీ చక్రం ఆయన చేతిలోనే ఉంది. ఇప్పుడు చేతిలో ఉన్నది కదలని కమ్మీ ఒకటి. అది ఎటూ తిరగదు. బ్రేకు లేదు. ముందు కనబడేది పసుపు వానకోటు, దాని కాలరు వెనక 'చల్లటి నీటితో ఉతకవలెను' అన్న చీటీ. రోడ్డు మీద ఏ గుంత ఎక్కడుందో ఆయనకి నోటికొచ్చు. కానీ గుంత వచ్చేది ఇప్పుడా, ఇంకాసేపటికా అన్నది మాత్రం కింద తగిలినప్పుడే తెలుస్తోంది. ఆయన కుడికాలు లేని బ్రేకుని వెతుక్కుంటూ ఉంది.

"లారీ వస్తోందమ్మా! లారీ!"

"కనబడుతోంది. నాకు కళ్ళున్నాయి."

"బ్రేకు వేశారా?"

"వేస్తాను. మీరు తొక్కండి."

ఈ బండికి ఒక గుణం ఉంది. ముందు మనిషి తొక్కుతుంటే వెనక పెడళ్ళు వాటంతటవే తిరుగుతాయి. బలం పెట్టకుండా కాళ్ళు ఊరికే తిరగనిస్తే ఎవరికీ తెలియదని పెట్టెలాయన మూడో కిలోమీటరు దగ్గర కనిపెట్టాడు. హాయిగా అనిపించింది. ఆ హాయి పది గజాలు సాగింది.

"తొక్కడం ఆపారు," అంది నర్సమ్మ, వెనక్కి తిరగకుండానే.

"లేదమ్మా, తొక్కుతున్నా."

"నాయనా, మాత్ర నాలిక కింద దాచుకుని మింగేశామని చెప్పే వాళ్ళని ముప్ఫై ఐదేళ్ళు చూశాను. తొక్కండి."

తొక్కాడు.

"మా కోడలూ ఇంతే. వెనక కూర్చుని కబుర్లు చెబుతుంది. కబుర్లు ఎక్కువైతే కాళ్ళు ఆగినట్టు. నాకు తెలీదనుకుంటుంది. నేనూ ఏమీ అనను, కబుర్లు బాగుంటాయి."

ఏడో కిలోమీటరు దగ్గర, పెంకుల కర్మాగారం దాటాక, రోడ్డు బరువెక్కింది. పెట్టెలాయనకి ముందు గొలుసు పట్టేసిందేమో అనిపించింది. తర్వాత చక్రంలో గాలి పోయిందేమో అనుకున్నాడు. తొడలు మండుతున్నాయి. ఊపిరి పొట్టలోకి వెళ్ళకుండా గొంతులోనే తిరుగుతోంది. తల పక్కకి పెట్టి ముందుకి చూస్తే, రోడ్డు ఎదురుగా గోడకి ఆనించిన నిచ్చెనలా ఉంది.

"చదునన్నారే?" అంది ముందు నుంచి గొంతు.

"కారుకి... చదునేనమ్మా."

"మాట్లాడద్దు. ఊపిరి వదలండి. తీసుకోవడం దానంతటదే జరుగుతుంది, వదలడం మీద దృష్టి పెట్టండి."

పదకొండేళ్ళలో ఎన్ని వందల మందికి నీళ్ళగ్లాసు మాట చెప్పాడో ఆయన లెక్క వేయబోయి మానేశాడు. పైకి చేరాక ఆవిడ గడియారం చూసింది. పన్నెండు దాటి మూడు నిమిషాలు. ఇంకా పంతొమ్మిది కిలోమీటర్లు ఉంది. ఆవిడ భుజాలు కొంచెం కిందికి దిగాయి. వెనక సీట్లోంచి ఆయనకి కనబడేది ఆ భుజాలే.

"అమ్మా, కాలవ గట్టు మీద ఒక దారి ఉంది," అన్నాడు. "నాలుగు కిలోమీటర్లు కలిసొస్తుంది. మోటారు బళ్ళు రాకూడదని బోర్డు ఉంటుంది. అందుకే నేనెప్పుడూ వెళ్ళలేదు."

"మనకి మోటారు ఉందా?"

"లేదు కదా," అన్నాడు పెట్టెలాయన, ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు.

కాలవ గట్టు మెత్తగా, నిజంగానే చదునుగా ఉంది. చెట్ల నీడలు, పక్కన నీళ్ళు, లారీలు లేవు. ఆయన కాళ్ళకి ఏదో లయ దొరికింది. కారులోంచి చూస్తే ఆకుపచ్చ గీతలా కనబడే చోటు ఇది. ఇక్కడ బాతులున్నాయి, ఒకడు గాలం వేసుకుని నిద్రపోతున్నాడు. బావమరిది ఫోన్ చేశాడు. జేబులోంచి తీసి చెవికి పెట్టుకున్నాడు. "బావా, ఆ రొప్పేమిటి? ఎవరైనా తరుముతున్నారా?" "సైకిలు తొక్కుతున్నా." "ఉండు బావా, పక్కకి ఆపుతాను. నవ్వుతూ తోలకూడదు."

గట్టు దారి చివర ఇనప గొట్టాలు అడ్డం ఉన్నాయి. ఒకటి ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి. మోటారు సైకిళ్ళు దూరకుండా పెట్టినవి. మామూలు సైకిలు వంకర తిరిగి వెళ్ళిపోతుంది. ఈ పొడుగు బండి ముందు చక్రం రెండో గొట్టాన్ని తాకేసరికి వెనక చక్రం మొదటి గొట్టం దగ్గర ఇరుక్కుంది. వెనక్కి లాగారు, మళ్ళీ పెట్టారు. అలాగే ఇరుక్కుంది. గొట్టాల మీదుగా దాటిద్దామంటే అవి ఛాతీ ఎత్తున ఉన్నాయి. వెనక్కి వెళితే పడవ లేనట్టే.

పన్నెండు ముప్ఫై నాలుగు.

నర్సమ్మ మొదటిసారిగా ఏం చెయ్యాలో చెప్పలేదు. పెట్టెలాయన గొట్టాల మధ్య ఖాళీని చూశాడు. బండిని చూశాడు. రొట్టెల బీరువాల్ని ఇరుకు మెట్ల మీద తిప్పిన మనిషి ఆయన.

"అమ్మా, ఇక్కడ నా మాట వినండి. సంచులు తీసేయండి. దీన్ని పడుకోబెట్టి తిప్పితే తిరగదు. నిలబెడదాం."

"నిలబెట్టడమేమిటి?"

"వెనక చక్రం మీద. గుర్రం లేచినట్టు. మోకాళ్ళు వంచండి, నడుము కాదు."

"నాకే చెబుతున్నారా? వంద కిలోల రోగుల్ని మంచం మార్చిన దాన్ని."

ఇద్దరూ కలిసి ముందు చక్రాన్ని ఆకాశానికెత్తారు. ఒకటిన్నర మనిషి ఎత్తున ఎర్రటి బండి నిటారుగా లేచింది. ఆయన దాన్ని భుజానికి ఆనించుకుని, వెనక చక్రం మీద చిన్న చిన్న అడుగులతో నడిపించాడు. మొదటి గొట్టం దగ్గర ఎడమకి, రెండో దాని దగ్గర కుడికి. గాలం వేసినవాడు నిద్ర లేచి, చూసి, మళ్ళీ పడుకున్నాడు. అవతల దింపి సంచులు తగిలించేసరికి నాలుగు నిమిషాలు పట్టింది.

"మా వార్డులో మీలాంటి వాడు ఒక్కడుంటే చాలేది," అంది నర్సమ్మ. అది మెప్పుదలో, వెనకటి వార్డు వాళ్ళ మీద కోపమో ఆయనకి తేలలేదు. మెప్పుదల అనే తీసుకున్నాడు.

అక్కడి నుంచి సరస్సు గాలి ఎదురైంది. తల వంచి, మాటలు మానేసి తొక్కారు. ఒంటిగంటకి ఎనిమిది నిమిషాలు ఉండగా నర్సమ్మ కోటు జేబులో ఫోను మోగింది. ఆవిడ హ్యాండిలు మీంచి చేతులు తీయలేదు. "మీరు తీయండి," అంది. ఆయన ముందుకి వంగి జేబులోంచి లాగాడు.

"అత్తయ్యా! ఎక్కడున్నారు?"

"అత్తయ్య ముందున్నారమ్మా."

"మీరెవరు?"

"మీ సీట్లో ఉన్నవాణ్ణి."

ఆ అమ్మాయి దీని గురించి ఆలోచించడానికి సమయం వృథా చేయలేదు. "పడవాయన గంట కొట్టేశాడండీ! ఎంత దూరంలో ఉన్నారు?"

"మూడు కిలోమీటర్లు. ఎలాగైనా ఆపమ్మా."

"ఫోను పెట్టేసి తొక్కమనవే ఆయన్ని!" అని నర్సమ్మ గాలిలోకి అరిచింది.

రేవు మలుపు తిరిగేసరికి ఒంటిగంట దాటి నాలుగు నిమిషాలయింది. పడవ అక్కడే ఉంది. ఎందుకుందో దగ్గరికి వెళితే తెలిసింది. గట్టుకీ పడవకీ మధ్య వేసిన పలకల వంతెన మీద ఒక అమ్మాయి నిలబడి ఉంది, ఒక కాలు పడవ వైపు, ఒక కాలు రేవు వైపు. ఎదురుగా పడవాయన రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని ఉన్నాడు.

"ఎక్కితే ఎక్కండి, దిగితే దిగండి తల్లీ! మధ్యలో నిలబడితే నేను పలక ఎలా లేపేది?"

"మా అత్తయ్య లేకుండా ఎక్కితే బాగుండదు. మా అత్తయ్య వస్తుంటే దిగితే అసలు బాగుండదు. మీరే చెప్పండి, నేనేం చెయ్యాలి?"

"నన్నడుగుతారేమిటి!"

"పక్కకి జరగవే!" అని కేక వినబడింది. అత్తగారి గొంతు తెలిసిన కోడలు వెంటనే జరిగింది. ఎర్రబండి పలకల మీద దడదడమని ఎక్కి, పడవ మధ్యలో, తాళ్ళ చుట్ట పక్కన ఆగింది. లోపల కూర్చున్న సైకిళ్ళ గుంపు చప్పట్లు కొట్టింది.

పెట్టెలాయన దిగుదామనుకున్నాడు. కుడికాలు సీటు మీదుగా లేవలేదు. ఇంకోసారి చెప్పి చూశాడు, అయినా లేవలేదు. చివరికి పడవాయన ఒక వైపు, కోడలు ఒక వైపు పట్టుకుని ఆయన్ని నిలువునా ఎత్తి దింపారు. నర్సమ్మ ఆయన మణికట్టు పట్టుకుని గడియారం వైపు చూస్తూ పెదాలు కదిపింది.

"నూట ముప్ఫై. పర్లేదు, దిగుతుంది. ఒక పావుగంట అటూ ఇటూ నడవండి, వెంటనే కూలబడద్దు." చెయ్యి వదలకుండా ఇంకో క్షణం ఉంచింది. "చివరి ఐదు కిలోమీటర్లూ మీరు ఒక్కసారి కూడా ఆపలేదు. నాకు తెలుసు."

కోడలు పలక దాకా వచ్చి ఆయన్ని దాటించింది. అత్తగారికి వినబడకుండా, "ఏమండీ, వెనక తొక్కకపోతే ముందున్న వాళ్ళకి తెలుస్తుందా?" అని అడిగింది.

"ప్రతిసారీ తెలుస్తుందమ్మా."

"ప్రతిసారీనా?" ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. అత్తగారు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది. "మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట కూడా అనలేదే!"

పలక లేచింది. పడవ గట్టు వదిలింది. పసుపు వానకోటు చెయ్యి ఊపింది, వెనక సీటు సొంతదారు రెండు చేతులూ ఊపింది. పెట్టెలాయన ఇంటికి ఫోన్ చేసి పడవ అందిందని చెప్పాడు. భార్య గట్టిగా ఊపిరి వదిలింది. ఎలా అందిందో చెప్పాక మాత్రం ఆవిడ నవ్వు ఆగేదాకా ఆయన ఫోనుని చెవికి దూరంగా పట్టుకోవాల్సి వచ్చింది. తమ్ముణ్ణి పంపిస్తాను, మూడింటికి వస్తాడు, అక్కడే ఉండండి అంది. ఎక్కడికైనా వెళ్ళగలిగితే కదా అనుకున్నాడాయన.

రేవు చివర టీ కొట్టు ఉంది. పదకొండేళ్ళలో దాని ముందు వ్యాను ఆపాడు గానీ, దిగి ఎప్పుడూ టీ తాగలేదు. కొట్టు నడిపే ఆవిడ ఆయన పాదాల నుంచి పైదాకా చూసింది.

"ఎక్కడి నుంచి రావడం?"

"విమానాశ్రయం నుంచి."

"సైకిలు మీదా! మరి సైకిలేదీ?"

"పడవెక్కింది."

"మీరెక్కలేదే?"

"నేను దింపడానికి వచ్చానమ్మా."

ఆవిడ పెద్ద గ్లాసు నిండా టీ పోసి, బల్లని తుడిచి, ఆయన వైపు జరిపింది. "కూర్చోండి బాబూ, ముందు కూర్చోండి."

పెట్టెలాయన బల్లని చూశాడు. చెక్క బల్ల. ఆ సైకిలు సీటంత గట్టి చెక్క.

"వద్దమ్మా," అన్నాడు గ్లాసు అందుకుంటూ. "ఇవాళ్టికి నిలబడే తాగుతాను."